అవునంటే తెరుచుకునే తలుపు

"నా కోడల్ని నేను తిట్టుకుంటాను. ఆ హక్కు నాది. మధ్యలో ఆ మెషీన్ ఎవరండీ?"

మా ఆఫీసు గుమ్మం దాటి, ఇంకా కుర్చీ కూడా లాక్కోకుండానే ఆ పెద్దావిడ అన్న మొదటి మాట ఇది. ఆఫీసంటే ఏదో ఊహించుకునేరు. మా ఇంటి ముందు గది. ఒక టేబులు, మూడు కుర్చీలు, వాటిలో ఒకటి కుంటిది. కుంటిది ఎప్పుడూ నాకే. ఏళ్ళ తరబడి ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని, చివరికి మేనేజరు క్లెయిమే దొంగదని పట్టుకుని, ఉద్యోగం పోగొట్టుకుని, సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి మా వదిన. నేను ఆవిడ మరిదిని. కారు నడుపుతాను, ఫొటోలు తీస్తాను, ఫైళ్ళు మోస్తాను. జీతం అడిగితే ఇంట్లోవాళ్ళకి జీతమేంటి అంటుంది. పని చెప్పేటప్పుడు మాత్రం నేను ఇంట్లోవాణ్ణి కాను.

పెద్దావిడకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక విషయం బయటపడింది. కోడలు ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ల నర్సు. థియేటర్ల పక్కనే మందుల గది. ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్లు అందులో ఉంటాయి. బయట వాటికోసం ఎగబడేవాళ్ళు చాలామంది కనక ఆ గదికీ, థియేటర్లకీ తాళాలు తీసేసి మెషీన్ పెట్టించారు. తలుపు పక్కన కెమెరా మన ముఖం చూస్తుంది. గుర్తుపడితే తలుపు తీస్తుంది. ఎవరొచ్చారో, ఎప్పుడొచ్చారో గుర్తుంచుకుంటుంది.

నిన్న భోజనాల ముందు లెక్కపెడితే ఆ గదిలో ఆరు డబ్బాల ఇంజెక్షన్లున్నాయి. భోజనాలయ్యాక ఐదే ఉన్నాయి. ఆ మధ్యలో లోపలికి వెళ్ళింది ఒక్కరేనని మెషీన్ తేల్చేసింది. ఆ ఒక్కరూ ఈవిడ కోడలు. ఆ టైములో మేడ మీద ఒక్కత్తినే కూర్చుని క్యారేజీ విప్పుకున్నానని కోడలు మొత్తుకుంటోంది. చూసినవాళ్ళు లేరు. ఇవాళ సాయంత్రం విచారణ. దొంగతనం ఒప్పుకుని రాజీనామా రాసిస్తే గొడవ అక్కడితో ఆగుతుంది. లేదంటే పోలీసులు, కేసు, నర్సు లైసెన్సు రద్దు.

"దానికి నోరెక్కువ, నేను కాదనను. పెట్టిన వస్తువు పెట్టినచోట ఉంచదు. కానీ దొంగ మాత్రం కాదమ్మా. ఆ మెషీన్‌ని నిలదీద్దామని వెళ్ళాను. ఉలకదు, పలకదు. నా కోడలైతే కనీసం ఎదురు చెబుతుంది."

వదిన అప్పటికే చెప్పులేసుకుంటోంది. నేను కారు తాళాలు వెతుక్కున్నాను.

ఆస్పత్రి సూపరింటెండెంటు గది నీట్‌గా ఉంది. ఆయన ఇంకా నీట్‌గా ఉన్నాడు. మమ్మల్ని చూసి విసుక్కుంటాడనుకున్నాను. విసుక్కోలేదు సరికదా, లేచి కుర్చీలు చూపించాడు. ఆ అమ్మాయి తనకి కూతురులాంటిదన్నాడు. ఏదో చిన్నతనం, తప్పు జరిగిపోయింది, కాగితం మీద సంతకం పెట్టేస్తే వేరే ఆస్పత్రిలో ఉద్యోగం కూడా తనే చూసిపెడతానన్నాడు. నా మనసు కరిగిపోయింది. ఇలాంటి పై అధికారి దొరికుంటే నేను మూడు ఉద్యోగాలు మానేసేవాణ్ణి కాదు కదా అనిపించింది.

వదిన కరిగే రకం కాదు. ఆ అమ్మాయే తీసిందని అంత నమ్మకమేమిటని అడిగింది.

"మనిషి చెబితే నమ్మాలా వద్దా అని ఆలోచించాలమ్మా. మెషీన్‌కి ఎవరి మీదా పగ ఉండదు కదా."

"భయం కూడా ఉండదు సార్. తప్పు చెబితే దాని ఉద్యోగం పోదు."

ఆయన నవ్వాడు. ఆ గదిలోకి వెళ్ళే అనుమతి ఎవరెవరికుందో చెప్పాడు. థియేటరు డాక్టర్లు, నర్సులు, మందుల గుమస్తా. మరి మీకో అని వదిన అడిగితే, తను కాగితాల మీద సంతకాలు పెట్టుకునే డాక్టరునని, ఆ గదితో తనకి పనే లేదని, మెషీన్లో తన ఫొటో కూడా ఎక్కించలేదని అన్నాడు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని శాతంగారు దిగబడ్డాడు.

శాతంగారు మా పాలిటి శనిగ్రహం. మెషీన్ అమ్మిన కంపెనీ తరఫున ఇలాంటి కేసులు చూస్తుంటాడు. అసలు పేరు నేనెప్పుడూ అడగలేదు. ఏదడిగినా శాతాల్లోనే చెబుతాడు. వాన పడేట్టుందా అంటే అరవై శాతం అంటాడు. పెళ్ళాం బాగుందా అంటే ఎంత చెబుతాడో నాకు తెలీదు. పోయినసారి ఒక గోడౌన్ కేసులో వదిన ఆయన గాలి తీసేసింది. అప్పట్నుంచీ మమ్మల్ని చూస్తే చాలు, ముఖం మాడిపోతుంది.

"మేడమ్, మీరు అనవసరంగా శ్రమపడుతున్నారు. తొంభై ఏడు శాతం ఆ నర్సే."

"మిగతా మూడు శాతం?"

"అది లెక్కలో ఎప్పుడూ ఉండేదే. పట్టించుకోనక్కర్లేదు."

"ఆ మూడు శాతం తాలూకు అత్తగారు బయట బెంచీ మీద కూర్చుంది. పట్టించుకోనక్కర్లేదని మీరే వెళ్ళి ఆవిడకి చెప్పండి."

శాతంగారు తలుపు సందులోంచి పెద్దావిడ వైపు ఒకసారి చూశాడు. వెళ్ళలేదు.

నిన్న తలుపు దగ్గర కెమెరా తీసిన ఫొటో చూపించమంది వదిన. ఫొటో చూస్తే ఎవరో తెలిసిపోతుంది కదా, దానికింత రాద్ధాంతం దేనికి అని నాకూ అనిపించింది. శాతంగారు ఛాతీ విరుచుకున్నాడు. పేరు ఎక్కించే రోజున తీసిన ఒక్క ఫొటో తప్ప తమ మెషీన్ ఏ ఫొటోనీ దాచదట. ముఖం చూడటం, అంకెలుగా మార్చుకోవడం, బొమ్మని పారెయ్యడం. మనుషుల ముఖాలు వాళ్ళకి తెలియకుండా పోగేసుకోవడం తప్పని, ఆస్పత్రికి ఆ మేరకు రాతపూర్వకంగా మాటిచ్చామని, తమ కంపెనీకి నీతి ఉందని ఉపన్యాసమిచ్చాడు. సూపరింటెండెంటు తల ఊపుతూ విన్నాడు.

అక్కణ్ణుంచి నర్సుల గదికి వెళ్ళాం. కోడలు అక్కడ స్టూలు మీద కూర్చుని, కట్టు గుడ్డలు మడతలు పెడుతోంది. పొద్దున్నుంచీ పనిలోకి రావద్దన్నారు. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు మాత్రం గట్టిగానే ఉంది. తియ్యలేదని ఇంకెంతమందికి చెప్పాలండీ అని మా మీదే విరుచుకుపడింది. అత్తగారు చెప్పిన నోరు ఇదే కాబోలనుకున్నాను.

కాసేపటికి ఆ గొంతు తగ్గింది. సంతకం పెట్టేద్దామనుకుంటున్నానని చెప్పింది. కేసయితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఇంక జన్మలో నర్సు పని చెయ్యలేదు. ఈ పని తప్ప తనకింకేం రాదు, ఇంకేం చెయ్యాలనీ లేదు.

"మనిషైతే పోట్లాడేదాన్ని. మెషీన్‌తో ఏమని పోట్లాడతాం?"

"సంతకం పెట్టావో, మళ్ళీ ఇంటి గడప తొక్కకు," అంది అత్తగారు. అంటూనే పక్కన కూర్చుని మడతలు పెట్టడం మొదలుపెట్టింది. కోడలు వాటిని మళ్ళీ విప్పి సరిగ్గా మడిచింది. ఆ ఇంట్లో రోజూ ఇదే తంతు అని నాకు అర్థమైపోయింది.

ఈమధ్య సెలవు ఎప్పుడు పెట్టావని వదిన అడిగింది. పోయిన నెలలో ఒక్క రోజు, పన్ను పీకించుకోడానికి. ఇంకా తేదీ గుర్తు చేసుకుంటుండగానే అత్తగారు అందుకుంది.

"నాకు బాగా గుర్తు. చెంప ఇంత వాచి, నోరు తెరవలేక రోజంతా మంచం మీదే ఉంది. మా ఇల్లు అంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు. కావాలంటే ఎదురింటివాళ్ళని అడగండి."

వదిన కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు నాకు తెలుసు. వెంటనే వెళ్ళి శాతంగారిని లాక్కొచ్చి, ఆ రోజు మందుల గదిలోకి ఎవరెవరు వెళ్ళారో చూపించమంది. ఆయన చేతిలో పలకలాంటి కంప్యూటరుంది. దాని మీద వేలితో అటూ ఇటూ జరిపాడు. జరిపేకొద్దీ ఆయన వేలు నెమ్మదించింది. పన్ను పీకించుకుని మంచం మీద మూలుగుతున్న రోజున ఆ కోడలు మందుల గదిలోకి తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చింది.

సెలవు పెట్టినా వచ్చి ఉండొచ్చన్నాడు శాతంగారు. అత్తగారు లేచి నిలబడింది. శాతంగారు మాట మార్చి, ఆ రోజు ఏదో సాంకేతిక లోపం అయి ఉంటుందన్నాడు. నిన్న మాత్రం లోపం లేదన్నాడు.

"లోపం ఏ రోజుందో, ఏ రోజు లేదో ఎవరు చెప్పారు?" అంది వదిన.

"మెషీనే చెబుతుంది మేడమ్."

ఈ సమాధానం తన చెవికే ఎలాగో వినిపించినట్టుంది, దగ్గాడు.

మందుల గది తలుపు థియేటర్ల వరండా చివర ఉంది. అక్కడ తిరిగేవాళ్ళందరికీ తల మీద నీలం టోపీ, ముఖానికి మాస్కు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. డాక్టరెవరో, నర్సెవరో, మగెవరో, ఆడెవరో చెప్పాలంటే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. వదిన గోడకి ఆనుకుని నిలబడి కాసేపు ఊరికే చూసింది. చేతుల్లో ట్రేలతో వస్తారు, కెమెరా ముందు ఆగుతారు, తలుపు తెరుచుకుంటుంది. ఒక్కోసారి మాత్రం మెషీన్ కీచుమని ఒక చిన్న కూత కూస్తుంది. కూసిన మరుక్షణం తలుపు తెరుచుకుంటుంది.

ఆ కూత ఏమిటని వదిన ఆరా తీసింది. మలుపు అవతల ఒక బల్ల ఉంది, దాని మీద కంప్యూటరు తెర, దాని ముందు గార్డు. పెద్ద వయసాయన. అక్కణ్ణుంచి తలుపు కనపడదు. మెషీన్‌కి అనుమానం వస్తే కూత కూసి ఈయన తెర మీద రెండు ఫొటోలు పెడుతుంది. ఎడమవైపు, ఇప్పుడు తలుపు ముందున్న మనిషి. కుడివైపు, తన దగ్గరున్న మనిషి. కింద ఒకే ప్రశ్న, ఇద్దరూ ఒకరేనా అని. దానికి రెండు బటన్లు. అవును, కాదు.

మేం చూస్తుండగానే కూత వినిపించింది. గార్డు నాతో తన మోకాళ్ళ నొప్పి గురించి చెబుతున్నవాడల్లా తల తిప్పకుండానే "అవును" నొక్కాడు. నొక్కి, మోకాళ్ళ దగ్గరికి తిరిగొచ్చాడు.

"బాబాయ్ గారూ, మీరు ‘కాదు’ ఎప్పుడైనా నొక్కారా?" అని మెల్లిగా అడిగింది వదిన.

ఆయన ముఖం చిన్నబోయింది. మొదటివారం నొక్కేవాడట. "కాదు" నొక్కితే ఆ అంతస్తంతా గంటలు మోగుతాయి. ఈయన లేచి వెళ్ళి మాస్కు తీయించి చూడాలి, పైవాళ్ళకి ఫోన్ చెయ్యాలి. ఒకసారి పెద్ద సర్జన్‌నే నిలబెట్టేశాడు. లోపల పేషెంటు కడుపు తెరిచి ఉందయ్యా అని ఆ సర్జన్ అరిచిన అరుపుకి ఈయనకి రెండు రోజులు నిద్రపట్టలేదు. అప్పట్నుంచీ అవునంటే అందరికీ సుఖం అని తీర్మానించుకున్నాడు. తప్పే, ఉద్యోగం పోతుందా అమ్మా అని అడిగాడు. వదిన అప్పటికే ఇంకేదో ఆలోచిస్తోంది.

ఈయన "అవును" నొక్కాక మెషీన్ ఏం చేస్తుందని శాతంగారిని అడిగింది. నేర్చుకుంటుంది అన్నాడాయన గర్వంగా. అవునన్న ప్రతిసారీ ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఇంకాస్త బాగా తెలుసుకుంటుందట.

వదిన నర్సుల గదిలోంచి నాలుగు టోపీలు, నాలుగు మాస్కులు తెప్పించింది. సూపరింటెండెంటుని కూడా పిలుచుకురమ్మని నన్ను పంపింది. నేను ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి అత్తగారు టోపీ, మాస్కు తగిలించుకుని, యుద్ధానికి వెళ్ళేదానిలా తలుపు ముందు నిలబడి ఉంది. ఆవిడ ఆ ఆస్పత్రిలో ఉద్యోగి కాదు, మెషీన్‌కి ఆవిడ ముఖం తెలియనే తెలియదు.

తలుపు తెరుచుకుంది. గార్డుని అడగను కూడా అడగలేదు. తలుపు మీది చిన్న తెరలో కోడలి పేరొచ్చింది, నమస్కారం కూడా పెట్టింది.

"చూశారా, ఆఖరికి నన్ను దాన్ని చేశారు," అంది అత్తగారు. కోడలికి ఆపుకోలేనంత నవ్వొచ్చింది. నిన్నటి నుంచీ అదే మొదటి నవ్వనుకుంటాను.

తర్వాత నా వంతు. నాకు దట్టమైన కనుబొమ్మలు. మా ఇంట్లో వాటిని గొంగళిపురుగులంటారు. మాస్కు పెట్టుకుని నిలబడ్డాను. కూత వినిపించింది. గార్డుని ఈసారి నొక్కొద్దని వదిన చెప్పేలోగానే ఆయన వేలు అలవాటుగా "అవును" మీద పడిపోయింది. తలుపు తెరుచుకుంది. కోడలి పేరు మీద నాకూ ఒక నమస్కారం.

శాతంగారు నీరుగారిపోయాడు. ఇదెలా, ఇదెలా అని పలక మీద గోకుతూ నిలబడ్డాడు. వదిన కోడలి వైపు తిరిగి, పేరు ఎక్కించిన రోజున ఫొటో ఎలా తీశారని అడిగింది. ఆ అమ్మాయికి గుర్తుంది. థియేటర్లో ఆపరేషన్ మధ్యలో ఉంటే కేకేశారు. చేతులకి గ్లోవ్స్ ఉన్నాయి, మాస్కు ముట్టుకోకూడదు. ఫొటో తీసే ఆయనకేమో ఆ పూటే అందరిదీ అయిపోవాలని తొందర. పర్లేదు, ఇలాగే నిలబడండి అని మాస్కుతోనే తీసేశాడు.

"అందరి ముఖాలూ మామూలుగా ఎక్కించారు. ఈ అమ్మాయిది ఒక్కటే మాస్కుతో ఎక్కించారు," అంది వదిన. "మాస్కు పెట్టుకుని ఎవరొచ్చినా మెషీన్‌కి ముందు గుర్తొచ్చేది ఈ అమ్మాయే. అనుమానమొస్తే బాబాయ్‌ని అడిగింది, ఆయన అవునన్నాడు. అలా అవునవునంటూ ఈ అంతస్తులో ఉన్న అందర్నీ ఈ అమ్మాయిలో కలిపేశారు. ఇంతకీ ఆ ఫొటో తీసిన మహానుభావుడెవరు?"

కోడలు చెయ్యెత్తి శాతంగారిని చూపించింది.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది కానీ ఆస్పత్రి కదా అని ఊరుకున్నాను. శాతంగారు ఒప్పుకోలేదు. ఇది ప్రయోగశాల కాదు, బయటివాళ్ళు ఆటలాడితే మెషీన్ అయోమయపడుతుంది, తనలాంటివాణ్ణి చస్తే రానివ్వదు అని పౌరుషానికి పోయి తనే మాస్కు తగిలించుకుని కెమెరా ముందు నిలబడ్డాడు. కూత వినిపించింది. ఈసారి వదిన గార్డు చెయ్యి పట్టుకుని ఆపింది. అందరం తెర చుట్టూ మూగాం.

ఎడమవైపు శాతంగారి కళ్ళు. కుడివైపు, మెషీన్ దాచుకున్న కోడలి ఫొటో. ఆ ఫొటోలో మాస్కు మీద రెండు గొంగళిపురుగులున్నాయి.

అవి నావి.

"శాతంగారూ, ఇలా రండి," అంది వదిన. గొంతు చాలా తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉంటే నేనైతే పారిపోతాను. "మా మరిది ఇందాక నిలబడిన ఫొటో ఇక్కడికెలా వచ్చింది? మీరు ఫొటోలు దాచరు కదా."

వదిన వదల్లేదు. అవునన్న ప్రతి ఫొటోనీ కంపెనీ దాచుకుంటోంది. మెషీన్‌కి చదువు చెప్పుకోడానికి జనం ముఖాలు కావాలి, అడిగితే ఇవ్వరు కనక అడక్కుండా తీసుకుంటోంది. అంటే నిన్న భోజనాల వేళ ఆ తలుపు తీసిన మనిషి ఫొటో కూడా ఈ అమ్మాయి పేరు కింద ఎక్కడో భద్రంగా ఉంది.

అప్పుడు కలగజేసుకున్నాడు సూపరింటెండెంటు. మెషీన్‌ది పొరపాటని కళ్ళారా చూశాం కదా, ఇంక ఫొటోలు దేనికన్నాడు. విచారణ రద్దు చేస్తున్నానన్నాడు. అమ్మాయి రేపట్నుంచి హాయిగా పనిలోకి రావచ్చన్నాడు. కంపెనీవాళ్ళ పరువు కూడా మనం చూడాలి కదమ్మా అన్నాడు. అత్తగారు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నేనూ హమ్మయ్య అనుకున్నాను. కేసు గెలిచాం, ఇంటికెళ్ళి కాళ్ళు చాపుకోవచ్చు.

"వద్దు సార్," అంది కోడలు. "ఇవాళ మీరు రద్దంటారు. రేపు ఎవరో ఒకరు, తీసింది ఆవిడే, నిరూపించలేక వదిలేశారంటారు. డబ్బా ఎవరు తీశారో తేలితేనే నేను పనిలోకొస్తాను."

అందరం శాతంగారి వైపు చూశాం. ఆయనకి చెమటలు పడుతున్నాయి. పాపం, ఆ ఫొటో తీసి చూపిస్తే కంపెనీ అబద్ధమాడిందని తన చేత్తో తనే నిరూపించినట్టు. చూపించకపోతే ఈ అమ్మాయి మీద మచ్చ ఉండిపోతుంది. వదిన ఆయన పక్కకి వెళ్ళి నిలబడింది. ఈసారి ఎత్తిపొడవలేదు.

"జీవితంలో ఒక్కసారైనా నూరు శాతం అని చెప్పాలని లేదా మీకు?"

శాతంగారు చొక్కా అంచుతో పలక తుడుచుకున్నాడు. తర్వాత బల్ల మీద పెట్టి, ఏవో అంకెలు కొట్టాడు. నా ఉద్యోగం తొంభై శాతం పోయినట్టే అని గొణిగాడు. కోడలి పేరు కింద వందల ఫొటోలు బిలబిలా వచ్చిపడ్డాయి. టోపీలు, మాస్కులు, కళ్ళు. ఎంతమంది మనుషులో. నిన్నటి తేదీ దగ్గర ఆగాడు. భోజనాల వేళవి రెండే ఫొటోలు. లోపలికి వెళ్ళేటప్పుడు ఒకటి, బయటికొచ్చేటప్పుడు ఒకటి. బయటికొచ్చేవాళ్ళని మెషీన్ గుర్తుపట్టదు, లోపలికెళ్ళిన పేరు కిందే ఆ ఫొటోనీ పడేస్తుందట.

మొదటి దాంట్లో టోపీ, మాస్కు. చంకలో ఒక డబ్బా. రెండో దాంట్లో పని అయిపోయిందన్న ధీమాతో మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. చంకలో రెండు డబ్బాలు. ముఖం స్పష్టంగా కనపడుతోంది. ఎంతో నీట్‌గా ఉంది.

"నూరు శాతం," అన్నాడు శాతంగారు. "నూరు శాతం ఆ అమ్మాయి కాదు."

సూపరింటెండెంటు కదల్లేదు. ఇంతసేపూ నా పక్కనే నిలబడి ఉన్నాడు. మందుల గదితో తనకి పనే లేదన్న పెద్దమనిషి. నన్ను కరిగించిన ఈయనకి, మాస్కు పెడితే ఆ తలుపు ఎవరికైనా తెరుచుకుంటుందని ముందే తెలుసన్నమాట. అత్తగారు ఆయన్ని ఎగాదిగా చూస్తూ, కూతురులాంటిదన్నావు కదయ్యా అంది. ఆవిడ ఒక్క మాటతో ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

కోడలు మాత్రం ఆయన వైపు చూడటం లేదు. మొదటి ఫొటో మీదికి వంగి, ఆ డబ్బానే చూస్తోంది. దొంగ దొరికాడన్న సంతోషం ఆ ముఖంలో ఎక్కడా లేదు.

"రెండు తీసుకెళ్ళారు. ఒకటి లోపల పెట్టారు," అంది నెమ్మదిగా. "అందుకే లెక్కలో ఒక్కటే తగ్గింది. లోపల పెట్టిన డబ్బాలో ఏముంది సార్?"

ఆయన నేల చూశాడు.

"సార్, నా సంగతి తర్వాత. ఆ సీసాల్లో ఏముంది?"

"సెలైన్," అన్నాడు. వినపడీ వినపడనట్టు.

ఉప్పునీళ్ళు. నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఏ వరసలో పెట్టారని ఆ అమ్మాయి అడిగింది, పై వరసలో అన్నాడాయన. ఏ థియేటరు అడిగినా ముందు పై వరసలోంచే తీసిస్తారట. గార్డు బల్ల దగ్గర్నుంచి లేచి నిలబడి, నిన్న లెక్క తేలాక ఆ డబ్బాలు ఎవరికీ ఇవ్వలేదు, ఇందాకే రెండో థియేటరు వాళ్ళు నా ముందునుంచే మొదటిది పట్టుకెళ్ళారమ్మా అన్నాడు.

"పేషెంటుకి కదలకుండా మందిస్తారు. నొప్పి తెలియకుండా ఇచ్చేది ఇదే," అంది కోడలు. "ఇది నీళ్ళయితే అన్నీ తెలుస్తుంటాయి. కేక కూడా వెయ్యలేరు."

చెబుతూనే పరిగెత్తింది. వదిన గార్డుని థియేటరుకి ఫోన్ చెయ్యమంటూ, సూపరింటెండెంటు చొక్కా వదలొద్దని శాతంగారికి చెబుతూ వెనకే పరిగెత్తింది. నేను వాళ్ళ వెనక. లోపల ఆపరేషన్ జరిగేటప్పుడు ఫోన్ ఎత్తరని గార్డు కేకేయడం వినిపించింది.

రెండో థియేటరు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. దళసరి తలుపు, మేం ఎంత బాదినా లోపలికి చప్పుడు పోదు. కోడలు కెమెరా ముందుకెళ్ళి నిలబడింది. మాస్కు లేదు, టోపీ లేదు. పొద్దుటి నుంచీ ఏడ్చిన ముఖం, చెదిరిన జుట్టు. ఆ మెషీన్ ముందు ఆ అమ్మాయి తన సొంత ముఖంతో నిలబడటం అదే మొదటిసారి. కెమెరా ఒక క్షణం చూసింది. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. ఈ వ్యక్తి ఎవరో తెలియదు.

ఇంకోసారి నిలబడింది. మళ్ళీ అదే వచ్చింది.

అంతలో అత్తగారు రొప్పుకుంటూ వచ్చి, కోడలి భుజం పట్టుకుని, ముఖం కెమెరా వైపు తిప్పింది.

"కళ్ళు తెరిచి చూడు. ఇది నా కోడలు. తలుపు తియ్యి."

మెషీన్ ఆవిడ మాట వినిపించుకోలేదు. కోడలు వదిన చేతిలో మిగిలిన నాలుగో మాస్కు లాక్కుని ముఖానికి తగిలించుకుంది, తలుపు తెరుచుకుంది.